మానిన గాయం, మోయలేని పొట్ట

విజయవాడ రోడ్డు మీద నకిరేకల్ దగ్గరో, బెంగళూరు రోడ్డు మీద జడ్చర్ల దగ్గరో లారీ గుద్ది లోపల పేగు తెగినవాడు బతకాలంటే సర్జన్ పొట్టను నిలువునా కోయక తప్పదు. నెత్తురు ఆపి, పేగు కుట్టి, పొట్ట మూసి ఇంటికి పంపితే కాగితం మీద కేసు ముగిసినట్టే. నెలలు గడిచాక ఆ కుట్టు వెంట లోపలి పొర విడిపోయి, దగ్గినప్పుడల్లా పేగు ఉబికి వస్తుంటే మాత్రం చాలామంది దాన్ని మచ్చ కిందే జమ కడతారు, సరిచేసే ఆపరేషన్‌ను సోకు అంటారు. నేనలా అనుకోను. పొట్టకు రెండు పక్కల కండరాలూ మధ్యనున్న గట్టి నారపట్టీని పట్టుకునే పనిచేస్తాయి. ఆ పట్టు పోతే బరువెత్తేటప్పుడు నడుముకు ముందువైపు ఊతం ఉండదు. ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోసి పేరు తెచ్చుకున్న పాలమూరు కూలీకి పొట్టగోడ పోవడమంటే పని పోవడమే.

అంబులెన్సే ఆలస్యమయ్యే చోట ఈ రెండో ఆపరేషన్ ఎందుకని అడగవచ్చు. ఉబికిన పేగు ఇరుక్కుంటే మళ్లీ అదే అంబులెన్స్ కావాలి. బెల్టు ఉబ్బును అదిమిపెడుతుందే తప్ప చీలికను పూడ్చదు. పైగా మొదటి కుట్టులోనే కొంత కాపాడుకోవచ్చు. నెదర్లాండ్స్‌లో 560 మందిపై చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సెంటీమీటరుకు బదులు అర సెంటీమీటరు ఎడంతో చిన్న కుట్లు వేస్తే ఏడాదిలో ఈ ఉబ్బు, అంటే హెర్నియా, 21 శాతం నుంచి 13 శాతానికి తగ్గింది. అందుకు పట్టిన అదనపు సమయం సుమారు 4 నిమిషాలు. అవి ముందే అనుకొని చేసిన ఆపరేషన్లు, లారీ కింద పడ్డ కడుపులు కావన్న అభ్యంతరం న్యాయమైనదే. పేగులు వాచి, లోపల మలం చిందినప్పుడు ఒక్కోసారి పొట్ట మూతే పడదు. కొలంబియాలో 1984లో బొర్రాయెజ్ అనే సర్జన్ సెలైన్ సంచిని కోసి అలాంటి పొట్టకు మూతగా కుట్టాడు. అలా తెరిచి ఉంచి, తర్వాత పైన చర్మం మాత్రమే అతికించిన మనిషికే పునర్నిర్మాణం అన్నిటికంటే అవసరం.

దానికి దారి ఉంది. 1990లో రమిరెజ్ బృందం చూపినట్టు, పక్క కండరాల పొరలను విడదీస్తే మధ్య కండరం నడుము మట్టాన 10 సెంటీమీటర్ల దాకా జరిగి వస్తుంది. వెనక మెష్ అనే వలను దన్నుగా పెడతారు. అయితే లోపలి అతుకులు మెత్తబడేదాకా సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి. కూలీ మనిషి జారిపోయేది ఈ ఎదురుచూపులోనే. అలాగని వైద్యం అందనంత దూరంలో లేదు. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ 2007లో మొదట అడుగుపెట్టిన మూడు జిల్లాల్లో పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, ఒకటి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ అక్కడ 2016లో, నల్లగొండలో 2019లో వచ్చాయి. కాబట్టి డిశ్చార్జి కాగితం మీదే మళ్లీ ఎప్పుడు రావాలో, ఏ సర్జన్‌ను కలవాలో, అప్పటిదాకా ఎంత బరువు ఎత్తకూడదో తెలుగులో రాసివ్వడం పెద్ద కోరికేమీ కాదు. బీడీ మానాలనీ, షుగరు అదుపులో ఉంచాలనీ కూడా రాయాలి. అవి రెండూ కుదరకపోతే ఎంత ఖరీదైన మెష్‌కైనా చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది.