ఏ పనికి ఏ సాండర్

చెక్క పనికి నునుపు వచ్చేది పాలిష్‌తో కాదు, దానికి ముందు పట్టే గరుకు కాగితంతో. చేత్తో పూటంతా పట్టే ఆ పనిని కరెంటు సాండర్ కొద్దిసేపట్లో ముగిస్తుంది. పనికి తగనిదైతే అంతే వేగంగా చెక్కను పాడుచేస్తుంది. కాబట్టి ధర కన్నా ముందు పనిని చూసి సాండర్‌ను ఎంచుకోవాలి.

బెల్టు సాండర్‌లో గరుకు పట్టీ రెండు రోలర్ల మీద ఒకే దిక్కుకు పరుగెడుతుంది. ఎగుడుదిగుడుగా అతికిన టేకు పలకలను సమం చేయడానికి, పాత తలుపు మీద పేరుకున్న రంగు తీయడానికి ఇది తగినది. పట్టీ చెక్క నార వెంటే నడవాలి. అడ్డం పోతే లోతుగా గీతలు పడతాయి. ఒకేచోట ఆగితే గుంట పడుతుంది. ప్లైవుడ్ పైపొర చాలావరకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు. దాని మీద బెల్టు పెట్టనేకూడదు.

ఆర్బిటల్ సాండర్ ప్యాడ్ గిర్రున తిరగదు, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు కదులుతుంది. చదరంగా ఉండడం వల్ల మూలలకు అందుతుంది. 9×11 అంగుళాల మామూలు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బిగించుకోవచ్చు, కాబట్టి ఖర్చు తక్కువ. పని మాత్రం నిదానం.

రాండమ్ ఆర్బిటల్ సాండర్ గుండ్రటి ప్యాడ్ అలా ఊగుతూనే తన చుట్టూ తానూ తిరుగుతుంది. గరుకు రేణువు వెళ్లిన దారినే మళ్లీ వెళ్లడం అరుదు. అందుకే గీతలు కంటికి ఆనవు. నారలు ఒకదానికొకటి అడ్డంగా కలిసే చట్రం అతుకుల దగ్గర దీని విలువ తెలుస్తుంది. గుండ్రటి ప్యాడ్ అందని మూలల్లో, మొన ఉన్న డీటెయిల్ సాండర్ వాడాలి. చెక్కిన పువ్వులకు, లతలకు మాత్రం చేతి కాగితమే మేలు.

ఏ సాండర్ పట్టినా కాగితం నంబర్లు వరుసగా మార్చాలి: 80, 120, 180. ప్రతి నంబరుకూ ముందు పలకంతా పెన్సిల్‌తో పలచగా గీతలు గీయాలి. అవన్నీ చెరిగాకే తర్వాతి కాగితం. 120 ఎగ్గొడితే 80 వేసిన గీతలు వార్నిష్ పడ్డాక, కిటికీ నుంచి ఏటవాలుగా వెలుతురు పడినప్పుడు బయటపడతాయి. సాండర్‌ను నొక్కకూడదు; దాని బరువు, చేతి బరువు చాలు.

చెక్కపొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సన్నపొడి ఆగదు. సాండర్‌కు వాక్యూమ్ గొట్టం తగిలించే వీలుండాలి, మనిషికి ఎన్95 మాస్కు ఉండాలి.

ఒక్క సాండరే కొనగలిగినవారికి వేగం మార్చుకునే వీలున్న 5 అంగుళాల రాండమ్ ఆర్బిటల్ సరైన ఎంపిక. అయితే దానితోపాటు మూడు నంబర్ల కాగితాలు, ఒక మంచి మాస్కు అదే రోజు కొనుక్కోవాలి.