లోకో షెడ్డు ఎవరిది?

సెలవు దొరికితే ఇంగ్లండులోని మన తెలుగు కుటుంబాలు కారేసుకుని కాట్స్‌వోల్డ్స్ పల్లెలకు వెళతాయి. బైబరీలో తేనెరంగు రాతి ఇళ్ల వరస ముందు ఫొటోలు, బోర్టన్‌లో ఏటి ఒడ్డున పులిహోర డబ్బాలు. చిన్నపిల్లలుంటే ససెక్స్‌లోని షెఫీల్డ్ పార్క్ స్టేషన్‌కు తీసుకెళ్లి, టికెట్ కొని, బ్లూబెల్ రైల్వేలో ఆవిరి బండి ఎక్కిస్తారు. వాళ్లలో నెల్లూరు వైపు వాళ్లు ఊరికొచ్చినప్పుడు కావలికో ఒంగోలుకో బిట్రగుంట స్టేషన్ మీదుగానే పోతారు. అప్పుడు మాత్రం కిటికీలోంచి తల తిప్పి చూసేవాళ్లు అరుదు. ఈ రెండు స్టేషన్లనూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలా కాలంగా ఉంది.

బిట్రగుంట పుట్టుకకు కారణం దూరం. మద్రాసుకూ బెజవాడకూ 1899లో రైలు దారి కలిసింది. దాదాపు నడిమధ్యన ఈ ఊరు. ఆవిరి ఇంజను అంత దూరం ఏకబిగిన లాగలేదు. నీళ్లు పట్టాలి, బొగ్గు నింపాలి, బూడిద దులపాలి, డ్రైవరూ ఫైర్‌మనూ దిగి మరో జట్టు ఎక్కాలి. ఆ అవసరం కోసమే లోకో షెడ్డు, యార్డు, రన్నింగ్ రూము, క్వార్టర్ల వరసలు వెలిశాయి. 1908 నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ, 1951లో దక్షిణ రైల్వే, 1966లో దక్షిణ మధ్య రైల్వే. యజమానులు మారినా షెడ్డు పొగ ఆగలేదు. 1980ల మొదట్లో ఈ దారికి కరెంటు తీగలు వచ్చాయి. కరెంటు ఇంజనుకు నడుమ నీళ్లతో పనిలేదు. ఊరికి ఉన్న ఒక్క కారణమూ అలా పోయింది.

షెఫీల్డ్ పార్క్ కథ తలకిందులు. అక్కడ బండి ఎక్కేవాళ్లు లేక లైను మూతపడింది. లూయిస్, ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌ల మధ్య పల్లెల గుండా పోయే ఆ లైనును బ్రిటిష్ రైల్వేస్ 1955లో ఆపేసింది. ఆ ప్రాంతంలో ఉండే మాడ్జ్ బెసెమర్ అనే ఆమె పాత చట్టాలు తిరగేసి, ఈ లైను మీద రోజుకు నాలుగు బళ్లు నడపాలని 19వ శతాబ్దంలోనే పార్లమెంటు నియమం పెట్టిందని పట్టుకుంది. చట్టం ముందు రైల్వే తలవంచి 1956లో మళ్లీ బళ్లు నడిపింది. చివరికి పార్లమెంటు చేత ఆ నియమం రద్దు చేయించుకుని 1958లో మూసింది. 1960 ఆగస్టులో అదే లైనులో కొంత భాగం మీద ఔత్సాహికులు సొంతంగా బండి నడిపారు. నడపమని వాళ్లను ఎవరూ అడగలేదు. ఇది మాది అనుకున్నారు, అంతే.

ఇక్కడ నన్ను నిలబెట్టేది పని. అక్కడి ఆవిరి రైళ్లలో వలంటీరుగా చేరినవాడు మొదట క్లీనర్. నూనెగుడ్డతో చక్రాలూ కడ్డీలూ తుడుస్తాడు, పొయ్యి అడుగున పేరుకున్న బూడిద లాగుతాడు. ఏళ్లు గడిచి పరీక్షలు నెగ్గితే ఫైర్‌మన్, ఆ తర్వాతే డ్రైవర్. చల్లారిన ఇంజను ఆవిరి పట్టాలంటే గంటలు కావాలి గనుక, పొద్దున బండికి చీకటితోనే లేచి పొయ్యి రాజేస్తారు. మన షెడ్లలోనూ మెట్లు ఇవే: క్లీనర్, ఫైర్‌మన్, డ్రైవర్. కంపెనీ కాలంలో ఇంజన్లు కూడా చాలా వరకు బ్రిటన్ కర్మాగారాల నుంచి ఓడల మీద వచ్చినవే. ఒకే రకం యంత్రం, ఒకే రకం పార, ఒకే మసి. ససెక్స్‌లో అది ఒక గుమస్తా ఆదివారం ముచ్చట. బిట్రగుంటలో అది మే నెల వడగాలిలో తెరిచిన పొయ్యి తలుపు ముందు నిలబడి, ఒక కన్ను బాయిలరు నీటిమట్టం చూపే గాజుగొట్టం మీద ఉంచి, బొగ్గు విసిరి సంపాదించిన జీతం. పాత రైలు గురించి ఇంగ్లండు వాళ్లకున్న మురిపెం మనకు లేదని నిందించేవాళ్లు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. తండ్రి ఒళ్లు కాల్చుకున్న చోటును కొడుకు బొమ్మలా చూడలేడు.

ఇంకో తేడా ఉంది. కంపెనీ రోజుల్లో పెద్ద బళ్ల డ్రైవరు ఉద్యోగాలు ఎక్కువగా యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ దక్కేవి. రైల్వే కాలనీల్లో బంగళా ఎవరిదో, చిన్న క్వార్టరు ఎవరిదో చర్మం రంగును బట్టి తెలిసేది. బిట్రగుంటలోని ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు స్వాతంత్ర్యం తర్వాత చాలా వరకు వలసపోయాయి. అందువల్ల ఈ ఊరి జ్ఞాపకం ఒక్కచోట లేదు. ఒక ముక్క ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉంటుంది, ఒక ముక్క కావలిలో ఉంటుంది. షెఫీల్డ్ పార్క్‌కు ఈ చిక్కు లేదు, గతం మొత్తం వాళ్లదే.

అలాగని ఇంగ్లండు పద్ధతినంతా నేను మెచ్చను. విల్ట్‌షైర్‌లో లేకాక్ అని ఒక ఊరుంది. 1944లో దాదాపు ఊరంతా పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టుకు దానంగా వెళ్లింది. ఇప్పుడు అక్కడ ఎక్కువమంది ట్రస్టుకు అద్దెదారులు. పాత కాలపు సినిమాలు తీయడానికి వీధులు సిద్ధంగా ఉంటాయి. చక్కగా ఉంటుంది, కానీ ఒక ఊరు తన ఇష్టం వచ్చినట్టు పెరిగే హక్కును అక్కడ వదులుకుంది. బిట్రగుంటకు ఆ గతి పట్టాలని ఎవరూ కోరరు. రైల్వే భూములు వందల ఎకరాలు ఖాళీగా ఉన్నాయి, వాటిలో ఒక పరిశ్రమ పెట్టండి అని ఊరు ఏళ్ల తరబడి అడుగుతోంది. ఆ అడగడం న్యాయం. మ్యూజియం పేరు చెప్పి ఆ కోరికను పక్కకు నెట్టకూడదు.

అయినా పాతదాన్ని కాపాడుకోవడం మనవాళ్లకు రాదనే మాటను నేను ఒప్పుకోను. బిట్రగుంట స్టేషన్‌కు దగ్గర్లోనే కొండ బిట్రగుంట ఉంది. కొండ మీద ప్రసన్న వెంకటేశ్వర స్వామి గుడి. ఏటా బ్రహ్మోత్సవాలకు చుట్టుపక్కల ఊళ్లు కదిలి వస్తాయి. వాహనం మోసే భుజాలు, సున్నం వేసే చేతులు, అన్నదానానికి బియ్యం ఇచ్చే ఇళ్లు తరతరాలుగా తెగలేదు. బ్లూబెల్ వలంటీరు జీతం లేకుండా చీకటితోనే లేచి చేసేదీ, ఇక్కడ భక్తుడు చేసేదీ ఒకే జాతి పని. గుడి ఊరిది గనుక నిలిచింది. షెడ్డు ఏనాడూ ఊరిది కాలేదు. కంపెనీది అయింది, తర్వాత సర్కారుది అయింది. కంచెకు ఇవతల నిలబడ్డ ఊరు దాన్ని తనదిగా ఎలా అనుకుంటుంది? నా ఫిర్యాదు ఆ కంచె మీద.

ఆ కంచె తీయడం రైల్వేకు చేతకాని పనేమీ కాదు. హర్యానాలోని రేవాడీలో 1893 నాటి ఆవిరి షెడ్డును రైల్వేనే బాగుచేసి, ఇంజన్లు రాజేసి జనానికి చూపిస్తోంది. బిట్రగుంటలో అంత పెద్దది అక్కర్లేదు. ఒక పాత క్వార్టరు, అందులో ఫైర్‌మన్ల పారలూ, దీపాలూ, డ్యూటీ పుస్తకాలూ, రిటైరైన వాళ్ల గొంతులూ. పెర్త్ ముక్క కూడా వచ్చి చేరే చోటు. అది రేపు రాబోయే ఏ పరిశ్రమకూ అడ్డు రాదు.

బ్లూబెల్ వాళ్లు లైనును ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దాకా పొడిగించాలనుకున్నప్పుడు దారిలోని లోతైన కోత నిండా ఊళ్ల చెత్త పోసి ఉంది. జనాన్ని తలా పది పౌండ్లు అడిగారు. ఆ చెత్తను తవ్వి, చాలా వరకు రైళ్లలోనే తరలించి, 2013లో బండిని అక్కడికి చేర్చారు. బిట్రగుంటలో పట్టాల మీద ఎవరూ చెత్త పోయలేదు. మద్రాసు నుంచి బెజవాడ పోయే బళ్లు ఇప్పటికీ ఆ ఊరి మీదుగానే పోతున్నాయి, చెన్నైకి అక్కణ్ణుంచే బయలుదేరే బండీ ఉంది.