నర్తించని మణిమేఖల

చాత్తనారు రచించిన తమిళ బౌద్ధకావ్యం ‘మణిమేకలై’కి అలెన్ డానియెలూ, పుదుచ్చేరిలోని ఫ్రెంచి ప్రాచ్యవిద్యా సంస్థ పండితుడు టి.వి. గోపాలయ్యరు సహకారంతో చేసిన ఆంగ్లానువాదం 1989లో వెలువడింది. ‘మాయాపాత్ర చేబూనిన నర్తకి’ అని దాని ఉపశీర్షిక. కావ్యంలోనైతే, ఇంద్రోత్సవంలో నర్తించేందుకు మాధవి తన కూతురిని పంపనే పంపదు.

సౌందర్యం మణిమేఖలకు ఆపదే. రాకుమారుడు ఉదయకుమారుని తప్పించుకొనడానికి కాయచండిక రూపు దాల్చుతుంది. ఆ మారురూపంలోనే ఆకలిగొన్నవారికి అన్నం పెడుతుంది, రాజును కోరి చెరసాలను ధర్మశాలగా మార్పిస్తుంది. కాని ఆమెను తన భార్యగా భ్రమించిన విద్యాధరుడు కాంచనుని ఖడ్గానికి ఉదయకుమారుడు బలి అవుతాడు. యుక్తికి ఇంతటి మూల్యం చూపిన కవిని శృంగారకథకునిగా చదవడం అన్యాయం. కంచిలో అరవణ అడిగళ్ వద్ద ఆమె హేతువిద్య అభ్యసించే 29వ సర్గకు, ‘నర్తకి’ అన్న మాట పాఠకుని ఏమాత్రం సిద్ధపరచదు.