వంతు కన్నా వేళ ముఖ్యం

బహుళక్రీడాకారుల వ్యూహక్రీడల్లో వంతు గురించిన తగాదా కొత్తది కాదు. ఎడారిసీమల నీటి పంపకంలో అది ఏనాడో ఉంది. ఒమన్‌లోని బహ్లాలో, 1987లో యునెస్కో గుర్తించిన కోట చుట్టూ ఉన్న ఖర్జూరవనాలకు ఆధారం ఫలజ్ అనే ఉమ్మడి నీటికాలువ. ఒమన్ ఫలజ్‌లలో నీటివాటాను కాలంతో కొలుస్తారు: సుమారు అరగంట ఒక ‘అథర్’, 24 అథర్లు ఒక ‘బద్దా’. పూర్వం పగలు నీడను, రాత్రి నక్షత్రాలను చూసి వంతు మార్చేవారు. తెలంగాణ చెరువుల కింద నీరటి చేసిన పని వంటిదే ఇది.

1996లో విడుదలైన ఫ్రీసివ్ ఆటలో అందరూ ఏకకాలంలో ఆడతారు. గడువు ముగిసే ముందొకసారి, కొత్త వంతు మొదలవగానే మరొకసారి సేనను నడిపినవాడు, ప్రత్యర్థికి బదులిచ్చే వ్యవధి లేకుండా రెండుసార్లు కొట్టగలడు. ఇది నేర్పా, అన్యాయమా అన్నదే వివాదం. రెండు కదలికల మధ్య కనీస విరామం విధించే నియమం ఆటలో ఉంది. అయితే అది సగం పరిష్కారమే. వంతు మారే వేళ డాలస్‌లో మధ్యాహ్నం, హైదరాబాదులో అర్ధరాత్రి అయితే, మేలుకొని ఉన్నవాడిదే పైచేయి.

ఫలజ్ చక్రంలో బద్దాల సంఖ్య బేసి అయితే, ఈసారి రాత్రి వచ్చిన వంతు మరుసటిసారి పగలు వస్తుంది. వంతును 24 గంటలకు బదులు 23 గంటలు చేస్తే ఆటలోనూ అంతే: మారే వేళ రోజుకొక గంట ముందుకు జరిగి, నిద్రాభంగం అందరికీ పంచబడుతుంది. ఫలజ్‌లో వాటాలు సమానం కావు, వాటిని అమ్ముకోవచ్చు కూడా. అయినా వంతు ఎప్పుడొస్తుందో అందరికీ ముందే తెలుసు. క్రీడానియమాలకు కావలసిన న్యాయం కూడా అదే.