తలకట్టుకు కాపలా: తెర మీది తెలుగు, చిత్ర పరీక్ష

వెబ్ పేజీలో ఒక మూల చేసిన మార్పు మరో మూల ఏం చెడగొట్టిందో వెతకడం ఒకప్పుడు పూర్తిగా మనిషి కంటి పని. ఆ పనిని యంత్రానికి అప్పగించి, మార్పుకు ముందు తీసి దాచిన పేజీ చిత్రాన్ని మార్పు తర్వాత తీసిన చిత్రంతో పిక్సెల్ పిక్సెల్‌కూ పోల్చి చూసే విద్యకు విజువల్ రిగ్రెషన్ టెస్టింగ్ అని పేరు. మునుపు సరిగా ఉన్నది కొత్త మార్పు వల్ల చెడిపోవడమే రిగ్రెషన్. బటన్ నొక్కితే పని జరుగుతున్నదా అని అడిగే పరీక్షలు వేరే ఉన్నాయి. అవి పేజీ నడకను చూస్తాయి తప్ప రూపాన్ని చూడవు కనుక, బటన్ మీది అక్షరాలు సగానికి తెగిపోయినా, ధర పక్కన ఉండవలసిన అంకె మరో పెట్టె కిందికి దూరిపోయినా వాటి లెక్కలో అంతా సవ్యమే. ఇంగ్లీషు పేజీకి ఈ చిత్ర పరీక్ష ఒక సౌకర్యమని సరిపెట్టుకోవచ్చు. అక్షరానికి పైనా కిందా పక్కనా గుర్తులు పెరిగే తెలుగుకు మాత్రం ఇది లేకపోతే తెర మీది రాతకు దిక్కు లేనట్టే.

ఈ విద్యకు మూలం ఆధార చిత్రం, పనివారి మాటలో బేస్‌లైన్. విగ్రహాలకు పేరుపడిన కొత్తపేటలో ముందు మట్టితో నమూనా చేసి, చేయించుకునేవారు వచ్చి పోలిక కుదిరిందని ఒప్పుకున్నాకే అచ్చు తీసి కంచు పోసినట్టు, ఇక్కడ కూడా పేజీ ఎలా ఉండాలో ఎరిగిన మనిషి చూసి ఒప్పుకున్నాకే ఒక చిత్రానికి ఆధార హోదా వస్తుంది. ఆ తర్వాత జరిగే ప్రతి మార్పుకూ యంత్రం కొత్త చిత్రం తీసి పాతదాని పక్కన పెట్టి, తేడా ఉన్న చోట ఎర్రటి మచ్చలు వేసి మూడో చిత్రాన్ని ముందుంచుతుంది. అది లోపమో, కావాలని చేసిన మార్పో తేల్చవలసినది మళ్ళీ మనిషే. యంత్రం చేసేది అనుమానించడం వరకే.

చరిత్ర పెద్దగా చెప్పుకోవలసినంత పాతది కాదు. 2005లో వచ్చిన ఆసిడ్2 అనే పరీక్ష పేజీ సరిగ్గా గీసిన బ్రౌజర్‌లో పసుపు రంగు నవ్వు మొహంగా కనిపించేది. మొహం చెదిరితే బ్రౌజర్‌లో తప్పున్నట్టు. 2013లో బి.బి.సి. వార్తా విభాగంవారు వేర్వేరు తెర వెడల్పులకు పేజీల చిత్రాలు తీసి పోల్చే రేత్ అనే పనిముట్టును అందరికీ ఉచితంగా వదిలారు. అప్పట్లో ఇలాంటి పనిముట్లకు వెన్నుగా ఉన్న ఫాంటమ్‌జేఎస్ అనే తెర లేని బ్రౌజర్ అభివృద్ధి 2018లో ఆగిపోయింది. ఆ చోటును క్రోమ్, దాని వెంట బ్రౌజర్‌ను నడిపించే పప్పెటీర్, ప్లేరైట్ అనే పనిముట్లు ఆక్రమించాయి.

మహామహుల పనితనం దగ్గరికి వస్తే, మొజిల్లాలో ఎల్. డేవిడ్ బారన్ తీర్చిన రెఫ్‌టెస్ట్ పద్ధతిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. దాచిన చిత్రంతో పోల్చడంలో ఒక చిక్కు ఉంది: కంప్యూటర్ మారితే ఫాంటు మారుతుంది, ఫాంటు మారితే చిత్రం మారుతుంది, తప్పు లేకపోయినా పరీక్ష తప్పుతుంది. రెఫ్‌టెస్ట్ అసలు చిత్రాన్ని దాచదు. ఒకే రూపం రావలసిన రెండు పేజీలను రెండు వేర్వేరు దారుల్లో రాయించి, రెండింటినీ అదే క్షణాన, అదే యంత్రం మీద గీయించి పోలుస్తుంది. ఉదాహరణకు 'ముమ్మిడివరం' అన్న మాటను ఒక పేజీలో మామూలుగానూ, మరో పేజీలో వెనక నుంచి అక్షరాలు చేర్చే చిన్న ప్రోగ్రాముతోనూ రాయిస్తే, రెండూ ఒక్కలా రాకపోతే తప్పు బ్రౌజర్‌దేనని తేలిపోతుంది. ఫాంటు ఏదైనా కానీ, కంప్యూటర్ ఎక్కడిదైనా కానీ, తీర్పు మారదు. ఇంత పొదుపైన ఆలోచన ఈ రంగంలో మరొకటి లేదు.

రెండో ఘనత వ్లాదిమిర్ అగఫోంకిన్‌ది. లీఫ్‌లెట్ పటాల రూపకర్తగా లోకమెరిగిన ఈ ఉక్రెయిన్ ప్రోగ్రామర్ రాసిన పిక్సెల్‌మ్యాచ్ నూటయాభై వరసలకు అటూ ఇటూగా ఉండే చిన్న ప్రోగ్రాము, దేని మీదా ఆధారపడదు. రెండు పిక్సెల్స్ రంగుల మధ్య తేడాను అది అంకెల్లో తీసివేసి ఊరుకోదు; మనిషి కన్ను ఆకుపచ్చను ఎక్కువగా, నీలాన్ని తక్కువగా పట్టించుకుంటుంది కనుక, వెలుగు లెక్కలో ఆకుపచ్చకు 0.587, ఎరుపుకు 0.299, నీలానికి 0.114 వంతున బరువు ఇచ్చే టెలివిజన్ కాలపు సూత్రాన్ని వాడుతుంది. అంతకు మించిన నేర్పు అక్షరాల అంచుల దగ్గర ఉంది. వంపు గీత మెత్తగా కనిపించడానికి అంచున నలుపుకూ తెలుపుకూ మధ్య బూడిద రంగు పిక్సెల్స్ వేయడాన్ని యాంటీ-ఏలియసింగ్ అంటారు. అవి ఒక్కోసారి ఒక్కో తీరుగా పడి దొంగ తేడాలు పుట్టిస్తాయి. పిక్సెల్‌మ్యాచ్ అనుమానం వచ్చిన ప్రతి పిక్సెల్ చుట్టూ ఉన్న ఎనిమిదింటినీ చూసి, అందులో అతి చీకటిదీ అతి వెలుగుదీ వెతికి, ఇది అంచు మెత్తదనమా, అసలు తేడానా అని తేల్చి, మొదటిదైతే పసుపు, రెండోదైతే ఎరుపు వేస్తుంది. అంతా వంపులే అయిన తెలుగు లిపికి ఈ విచక్షణ వరం.

చిత్రం తీయడంలోనూ ఓపిక కావాలి. ఫాంటు ఇంకా దిగుతుండగా తీసిన చిత్రం పనికిరాదు, కదులుతున్న ప్రకటన మధ్యలో తీసిందీ అంతే. మైక్రోసాఫ్ట్ వారి ప్లేరైట్ వరసగా తీసిన రెండు చిత్రాలు ఒక్కలా వచ్చేదాకా తీస్తూనే ఉంటుంది, కదలికలను ఆపేస్తుంది, మిణుకుమనే కర్సర్‌ను దాచేస్తుంది. పోల్చే పనికి మాత్రం అది కూడా పిక్సెల్‌మ్యాచ్‌నే నమ్ముకుంది. చిత్రానికి ఇంత అని రుసుము వసూలు చేసే సేవలు వెనక ఏ కొత్త తెలివి ఉందని చెప్పుకున్నా, పక్షపాతమని అన్నా సరే, ఈ ఉచిత పనిముట్ల నిజాయితీ వాటికి లేదు: ఇవి ఏ పిక్సెల్‌ను ఎందుకు తప్పుపట్టాయో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

తెలుగు విషయంలో అసలు యుద్ధం చిత్రం కంటే ఒక మెట్టు కింద, అక్షరాల కూర్పు దగ్గర జరిగింది. యూనికోడ్‌లో 'స్త్రీ' అన్నది స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం అనే ఆరు సంకేతాల వరస. వాటిని ఒకే ముద్దగా పేర్చి, ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో తేల్చే పనిని షేపింగ్ అంటారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ అన్నిటిలోనూ ఆ పని చేసేది ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ నడిపించిన హార్ఫ్‌బజ్. భారతీయ లిపుల విభాగాన్ని నిలబెడుతున్న రోజుల్లో ఆయన వికీపీడియాల నుంచి మాటలు ఏరి, ప్రతి మాటకూ తన కూర్పునూ మైక్రోసాఫ్ట్ కూర్పునూ పక్కపక్కన పెట్టి పోల్పించారు. తెలుగులో పోల్చినవి 9,70,573 మాటలు. ఒక దశకు వచ్చేసరికి తేడా మిగిలినవి 18. ఈ అంకెను తెలుగువాళ్ళు బంగారు అక్షరాలతో రాసుకోవాలి. ఆ మాటలు పుట్టిన తెలుగు వికీపీడియాను 2003లో మొదలుపెట్టిన వెన్న నాగార్జునే, పత్రికలు ఎవరి ఫాంటు వారు పెట్టుకున్న ఆ కాలంలో పాత సంకేతాల రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ అనే పనిముట్టును కూడా ఇచ్చారు. పొట్టి శ్రీరాములు పేరు తెర మీద గళ్ళుగా కనిపించిన రోజులు చూసినవారికి ఈ ఇద్దరి విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అక్షరాల కూర్పు సరైనా పేజీ అమరికలో చెడే వీలు పుష్కలంగా ఉంది, దానికి కోనసీమ ఊరి పేర్లకు మించిన పరీక్ష పాఠం దొరకదు. కొత్తపేటలో 'త్త' వత్తు గీత కిందికి దిగుతుంది. కాట్రేనికోనలో రవత్తు అక్షరాన్ని ఎడమ నుంచి చుట్టుకుంటుంది. ర్యాలిలో యవత్తు కుడి పక్కకు సాగి తర్వాతి అక్షరాన్ని తోస్తుంది. ఉప్పలగుప్తంలో ఒకే మాటలో రెండు జంటలు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి పేరు ఉండనే ఉంది: 'క్ష్మీ'లో ఒక హల్లు కింద రెండు వత్తులు, పైన దీర్ఘం. ఇంగ్లీషు కోసం కొలిచిన వరస ఎత్తులో ఈ పేరు పెట్టి, పెట్టె దాటినదాన్ని కత్తిరించమని చెబితే మకారపు వత్తు తెగిపోతుంది. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు అదే ఏడాది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేరినప్పుడు, ఒక మాటకు కొలిచిన పెట్టెల్లో అయిదారు మాటలు ఇమడవలసి వచ్చింది. ఫోను తెర మీద అది రెండు వరసలవుతుందా, మూడవుతుందా, మూడైతే కింది మెనూ ఏమవుతుందన్నది చిత్రం తీస్తే తప్ప తెలియదు. పైగా అదే పేజీ విండోస్‌లో నిర్మలా ఫాంటుతో, ఐఫోన్‌లో కోహినూర్‌తో, ఆండ్రాయిడ్‌లో నోటోతో కనిపిస్తుంది, ఒక్కోదాని వెడల్పు ఒక్కో తీరు. దేశంలోని చాలా జిల్లాల వెబ్‌సైట్లు జాతీయ సమాచార కేంద్రం వారి ఉమ్మడి వేదిక మీద నడుస్తున్నందువల్ల, మూసలో ఒక అంకె మారితే దాని ప్రభావం రాజోలు నుంచి రాజస్థాన్ దాకా పాకుతుంది.

పరీక్ష పాఠంలో తెలుగు లేకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్-జాయినర్, ఆపైన ఆకారం: ఈ వరస ఉన్న సందేశం అందిన ఐఫోన్‌లలో యాప్‌లు కుప్పకూలాయి, అది నోటిఫికేషన్‌లో కనబడితే ఫోను మొత్తమే తల వాల్చింది. మనీశ్ గోరేగావ్‌కర్ అనే ప్రోగ్రామర్ ఆ వరసను విడదీసి, బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అలాంటి ఉచ్చులున్నాయని చక్కగా వివరించారు. ఫిబ్రవరి 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. కోట్లమంది రాసే లిపి గురించి పత్రికలు 'ఫోన్లను చంపే అక్షరం' అన్నట్టు రాసి నవ్వుకున్నాయి గాని, దోషం అక్షరానిది కాదు, దాన్ని ముందుగా యంత్రం ముందు పెట్టి చూడనివారిది.

ఇప్పుడు ఈ విద్య పేరు అందరి నోటా ఉంది, విద్యే కనబడటం లేదు. ఎర్ర మచ్చలున్న చిత్రం రాగానే తెరిచి చూడకుండా 'అప్‌డేట్' కొట్టేసి, చెడిన రూపాన్నే కొత్త ఆధారంగా పెట్టుకోవడం పరీక్ష కాదు, దొంగ సాక్ష్యం. పేజీ వెనకనున్న కోడ్ రాతను దాచి పోల్చే స్నాప్‌షాట్ పరీక్షలను చిత్ర పరీక్షలుగా చలామణి చేయడం మరో మోసం. ఆ రాతలో తెగిన వత్తు ఎప్పటికీ తెగినట్టు కనిపించదు. అన్నిటికంటే ప్రమాదకరం మినహాయింపు. 1366 ఇంటూ 768 తెరలో 10,49,088 పిక్సెల్స్ ఉంటాయి. వెయ్యికి ఒకటి తేడా ఉన్నా పరవాలేదని సెట్టింగ్ పెడితే 1,049 పిక్సెల్స్‌కు మాఫీ దొరికినట్టు. చిన్న అక్షరాల్లో ఒక వత్తుకు ఇరవై పిక్సెల్స్ అనుకున్నా, యాభైకి పైగా వత్తులు మాయమైన పేజీ పచ్చ టిక్కుతో గట్టెక్కుతుంది. 'అర్థం'కూ 'అర్ధం'కూ మధ్య ఉన్నది వత్తు కడుపులోని ఒక్క చుక్క. వాటాల పత్రంలో ఆ చుక్క ఎంత పని చేస్తుందో భూమి ఉన్న ఏ రైతునడిగినా చెబుతాడు. పేజీ 'మొత్తం మీద బాగానే ఉంది' అని తీర్పిచ్చే కృత్రిమ మేధ పనిముట్లు ఆ చుక్కను పట్టుకుంటాయని నమ్మమనడం మరీ అన్యాయం. ఇక ఈ బాధంతా ఎందుకని తెలుగు శీర్షికలను బొమ్మలుగా అతికించేవారున్నారు. ఆ రాత వెతికితే దొరకదు, చూపు లేనివారి స్క్రీన్ రీడర్ చదవలేదు, పెద్దది చేస్తే అలుక్కుపోతుంది. అది లిపిని కాపాడటం కాదు, పాతిపెట్టడం.

తెలుగు పేజీలు నడిపే పత్రికలు, కార్యాలయాలు, ఓడలరేవు బి.వి.సి. వంటి ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు తలుచుకుంటే దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. కావలసినది ఒక ఉమ్మడి పరీక్ష పాఠం: మండలాల, ఊళ్ళ, దేవుళ్ళ పేర్లు, జ్ఞా, క్ష్మీ, ష్ట్ర, ర్థ, ర్ధ, శ్‌తో ముగిసే ఆంధ్రప్రదేశ్, కనిపించని జాయినర్లతో సహా. ఫాంటును సర్వర్ నుంచే పంపి, సిలికానాంధ్ర చొరవతో వచ్చి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్న మండలి, రామభద్ర వంటివాటితో, 320 పిక్సెల్స్ ఫోను వెడల్పు నుంచి పెద్ద తెర దాకా చిత్రాలు తీయాలి. పేజీ మొత్తానికి ఒకటి కాక, శీర్షికకూ పట్టికకూ బటన్‌కూ విడివిడిగా తీస్తే మినహాయింపును సున్నాకు దించినా దొంగ గోల ఉండదు. ఆధార చిత్రాన్ని ఒప్పుకునే పని మాత్రం, జట్టులో ఎంత చిన్న ఉద్యోగి అయినా సరే, వత్తు ఊడిందని చదవగానే పట్టుకోగల తెలుగు పాఠకుడికే అప్పగించాలి, ఆ సంతకం లేనిదే మార్పు బయటికి పోకూడదు.