ఫ్యానుకు నిదానం నేర్పడం

కంప్యూటర్ ఫ్యాను రొదను తగ్గించే ప్రయత్నాలు చాలావరకు అది ఎంత గట్టిగా మోగుతోందన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. అయితే ఒకే స్థాయిలో సాగే హోరుకు చెవి కొద్దిసేపట్లోనే అలవాటుపడుతుందనీ, అంతకన్నా మెల్లని చప్పుడే అయినా మాటిమాటికీ హెచ్చుతూ తగ్గుతూ ఉంటే అది మనసును పని మీద నిలవనివ్వదనీ కంప్యూటర్ ముందు గంటల తరబడి కూర్చునేవారికి తెలిసినదే. అందువల్ల ఫ్యాన్ కంట్రోలర్‌ను, అంటే వేడిని బట్టి ఫ్యాను వేగాన్ని నిర్ణయించే అమరికను, అది ఎంత చురుగ్గా స్పందిస్తుందన్న దానికన్నా ఎంత నిదానం పాటించగలదన్న దాన్ని బట్టి అంచనా వేయడమే సబబు.

వేగం తగ్గించడం వల్ల కలిగే లాభం పైకి కనిపించేదానికన్నా పెద్దది. ఫ్యాను సగం వేగంతో తిరిగితే అది నెట్టే గాలి సగమవుతుంది, వాడుకునే విద్యుత్తు దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, చప్పుడు స్థూలంగా 15 డెసిబెళ్లు తగ్గుతుంది. 10 డెసిబెళ్లు తగ్గితేనే చెవికి సగం తగ్గినట్టు తోస్తుంది కనుక, పోయిన గాలికన్నా పోయిన రొదే ఎక్కువన్నమాట. 80 మిల్లీమీటర్ల ఫ్యాను బదులు 120 లేదా 140 మిల్లీమీటర్లది నెమ్మదిగా తిప్పమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

వేగాన్ని తగ్గించే పద్ధతులలో పాతది వోల్టేజీని కోయడం. మూడు పిన్నుల ఫ్యాను 12 వోల్టుల వద్ద పూర్తి వేగంతో తిరుగుతుంది. దాన్ని పవర్ సప్లైలోని 12 వోల్టుల పసుపు తీగకూ 5 వోల్టుల ఎర్ర తీగకూ నడుమ కలిపి, ఆ రెండింటి తేడా అయిన 7 వోల్టులతో నడిపిన ఔత్సాహికులు ఒకప్పుడు చాలామందే ఉండేవారు. నాలుగు పిన్నుల ఫ్యానుకు 12 వోల్టులూ ఎప్పుడూ అందుతూనే ఉంటాయి. నాలుగో తీగ మీద మదర్‌బోర్డు సెకనుకు సుమారు 25,000 విద్యుత్ పల్స్‌లను పంపుతుంది, ఒక్కో పల్స్ ఎంతసేపు నిలిచిందన్న దాన్ని బట్టి ఫ్యాను తన వేగాన్ని సర్దుకుంటుంది. పల్స్ విడ్త్ మాడ్యులేషన్, క్లుప్తంగా పీడబ్ల్యూఎం, అన్నది ఈ పద్ధతికే పేరు. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వనిని వినలేదు గనుక, 25 కిలోహెర్ట్జ్‌ను ఎంచుకోవడం వల్ల రొదను అదుపు చేసే ఉపాయమే మరో రొద కాకుండా పోయింది.

అసలు చిక్కు ప్రాసెసర్ స్వభావంలో ఉంది. బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిచినా నేటి ప్రాసెసర్ క్షణకాలం గరిష్ఠ వేగానికి ఎగబాకుతుంది. ఆ చిన్న సిలికాన్ ముక్కకు వేడిని తనలో ఇముడ్చుకునే శక్తి అతి స్వల్పం కనుక, సెన్సర్ ఒక్కసారిగా 15, 20 డిగ్రీల పెరుగుదల చూపి అంతలోనే దిగిపోతుంది. దాని మీద బిగించిన బరువైన లోహపు హీట్‌సింక్ మాత్రం నిజంగా వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది. ఫ్యాను చల్లబరచగలిగేది ఆ హీట్‌సింక్‌నే తప్ప సిలికాన్‌ను కాదు కాబట్టి, సెన్సర్ ఉలిక్కిపడినప్పుడల్లా ఫ్యాను గిర్రుమనడం వల్ల చెవికి బాధ తప్ప ప్రాసెసర్‌కు ఒరిగేదేమీ ఉండదు. చాలా మదర్‌బోర్డుల బయోస్‌లో ఫ్యాను ఎన్ని సెకన్ల తరువాత స్పందించాలో నిర్ణయించే వీలుంటుంది, దానికి తోడు హిస్టరిసిస్ అనే మరో సౌకర్యమూ ఉంటుంది: 65 డిగ్రీల వద్ద పెరిగిన వేగం 64కే తగ్గిపోకుండా, 60కి దిగేదాకా నిలిచి ఉండటమే హిస్టరిసిస్. ఈ రెండింటినీ సరిచూడకుండా ఖరీదైన ఫ్యాను కొనడం డబ్బు దండగ.

పక్కపక్కనే ఉన్న రెండు ఫ్యాన్ల వేగాలు దాదాపు సమానంగా ఉండి పూర్తిగా సమానం కాకపోవడం మరో ఇబ్బంది. ఏడు రెక్కల ఫ్యాను నిమిషానికి 1200 చుట్లు తిరిగితే 140 హెర్ట్జ్ స్వరం పలుకుతుంది, పక్కది 1180 చుట్లు తిరిగితే ఆ స్వరం కాస్త దిగుతుంది. రెండూ కలిసి సెకనుకు రెండుమూడుసార్లు ఊగే జోరీగ మోతగా మారతాయి. ఒకదాని వేగాన్ని కావాలనే బాగా ఎడంగా పెడితే ఆ ఊగు వినబడదు.

తెలుగునాట ఈ లెక్కలకు ఎండాకాలం మరో చిక్కు తెస్తుంది. హీట్‌సింక్ ఎన్నడూ గది గాలికన్నా చల్లబడదు కనుక, 20 డిగ్రీల గదిని దృష్టిలో పెట్టుకుని 40 డిగ్రీల వద్దే వేగం పెంచేలా గీసిన ఫ్యాన్ కర్వ్, అనగా ఏ వేడికి ఎంత వేగమో చూపే గీత, మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఫ్యానును ఊరుకోనివ్వదు. ప్రాసెసర్లు సాధారణంగా 95, 100 డిగ్రీల దాకా తట్టుకునేలా తయారవుతాయి కాబట్టి ఆ గీత మొదలును 55, 60 డిగ్రీలకు జరపడంలో ప్రమాదం లేదు. పైగా ఆ రోజుల్లో నెత్తి మీద సీలింగ్ ఫ్యాను చేసే హోరులో కేబినెట్ చప్పుడు ఎలాగూ కలిసిపోతుంది; కనుక వేసవి గీతను చల్లదనం కోసం కాస్త ఉదారంగానూ, సీలింగ్ ఫ్యాను ఆపేసే డిసెంబరు, జనవరి రాత్రుల గీతను చెవి కోసం పొదుపుగానూ గీసి, రెండింటినీ బయోస్‌లో వేర్వేరు ప్రొఫైళ్లుగా భద్రపరచుకోవడం మేలు.