చక్రము ఎన్ని చుట్లు తిరిగినది?
(ప్రవేశపరీక్షల గణితాభ్యాసముపై ఒక విమర్శ)

ప్రవేశపరీక్షలో జవాబు తప్పినచో అది విద్యార్థి తప్పేయని లోకము తలచును. అమెరికాలో కళాశాలా ప్రవేశమునకై జరుపు శాట్ పరీక్షలో 1982 మే నెలలో వచ్చిన ఒక ప్రశ్న ఈ నమ్మకమును తలక్రిందులు చేసినది.

ఒక చిన్న వృత్తపు వ్యాసార్ధము, పెద్ద వృత్తపు వ్యాసార్ధములో మూడవవంతు. చిన్నది పెద్దదాని చుట్టును దొర్లుచు బయలుదేరిన చోటికి వచ్చుసరికి ఎన్ని భ్రమణములు చేయును? ఇదియే ప్రశ్న. ఇచ్చిన జవాబులు ఐదు: 3/2, 3, 6, 9/2, 9. పరిధుల నిష్పత్తి 3 కావున జవాబు 3 అని పరీక్షకులు తలచిరి. సరియైన జవాబు 4. అది ఆ ఐదింటిలో లేనేలేదు! సుమారు 3 లక్షల మందిలో ముగ్గురు విద్యార్థులు మాత్రమే ఈ తప్పును చూపుచు లేఖలు వ్రాసిరి. ఆ ప్రశ్నను తొలగించి మార్కులను మరల లెక్కింపవలసివచ్చినది.

4 ఎట్లు వచ్చును? చిన్న వృత్తపు కేంద్రము నడచు బాటయు వృత్తమే; దాని వ్యాసార్ధము 3 + 1 = 4 పాళ్లు. జారక దొర్లు చక్రపు కేంద్రము ఒక్క భ్రమణములో చక్రపు పరిధియంత దూరము మాత్రమే నడచును. కావున భ్రమణములు 4. రెండు రూపాయి నాణెములను బల్లపై నుంచి, ఒకదానిని కదలనీయక రెండవదానిని దాని చుట్టును దొర్లించి చూడుడు. అది ఒకమారు కాదు, రెండుమార్లు తిరుగును.

ఇచట లోపము పరీక్షకులది. కాని అట్టి లోపమునే శిక్షణ పేర జరుగు బట్టీపద్ధతి విద్యార్థులకు అలవరచుచున్నది. ఈ రకపు ప్రశ్నకు ఈ సూత్రమని నేర్చినవాడు 3ను గుర్తించి ముందుకు సాగును. యోచించినవాడు జవాబు కానరాక కాలము పోగొట్టుకొనును.

వేగము అక్కరలేదనుటకు వీలులేదు. 2025లో తెలుగు రాష్ట్రముల ఇంజనీరింగు ప్రవేశపరీక్షలలో 160 ప్రశ్నలకు 180 నిమిషములు. అందు 80 గణితమువే. అనగా ప్రశ్న ఒక్కింటికి సుమారు 67 సెకండ్లు. ఆ గడువులో క్రొత్తగా యోచించుట కష్టము. అందుచేతనే యోచన ముందుగనే జరుగవలెను.

గడియారము పెట్టుకొని మాదిరి పరీక్ష వ్రాయుట సగము పనియే. తప్పిన ప్రతి లెక్కను పిమ్మట తొందర లేక తిరిగి చేయవలెను. భావము తెలియక తప్పెనో, ప్రశ్నను సరిగా చదువక తప్పెనో, కూడిక తీసివేతలలో తప్పెనో వేరుపరచుకొనవలెను. ఈ మూడింటికి మందులు వేరు. ఒప్పైన లెక్కనుగూడ చివరి హద్దు వరకు నెట్టి చూడవలెను. పై ప్రశ్నలో పెద్ద వృత్తమును బిందువగునంతగా కుదింపుడు. చిన్న వృత్తము ఆ బిందువు చుట్టు పోయి వచ్చుసరికి ఒకమారు తిరిగి తీరును. పరిధుల నిష్పత్తి మాత్రము సున్న యనును! సూత్రము చాలదని తెలియుటకు ఈ ఒక్క పరిశీలన చాలును.

ఆ ముగ్గురు విద్యార్థులు అచ్చులోనున్న ఐదు జవాబులకంటె తమ లెక్కనే నమ్మిరి. అట్లు నమ్ముటకు తగిన నిరూపణము వారికడ నుండెను.